ఆలస్యంగా వచ్చే బాణాలు

ఆ పాత తెర నిజంగానే పాడైందా, లేక కబుర్ల తాతే దాన్ని ఊడదీసి దాచాడా? ఇన్నేళ్లు గడిచినా ఈ సంగతి తేలలేదు. చెప్పాల్సిన మనిషి చెప్పకుండా వెళ్లిపోయాడు. తక్కినవాళ్లను కదిపితే తలా ఒక మాట అంటారు. కూపీ లాగడంలో కౌంటరక్కను మించినవాళ్లు ఆ వీధిలో లేరు. ఆమెకే అంతు చిక్కలేదంటే ఇక మనబోటివాళ్లం ఏం తేలుస్తాం?

అది మూడంతస్తుల మేడ. కింద చెప్పుల కొట్టు, మధ్యలో పళ్ల డాక్టరు, పైన వీడియో ఆటల గది. ఆటల గదికి యజమాని కౌంటరక్కకు స్వయానా అక్క మొగుడు. బావగారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి, అన్ని మిషన్లూ వెలుగుతున్నాయో లేదో గుమ్మంలోంచే చూసి వెళ్లిపోతాడు. వెలుగుతుంటే ఆయన లెక్కలో అంతా బాగున్నట్టే. పళ్ల డాక్టరు మాత్రం వారానికొకసారైనా మెట్లెక్కి వచ్చేవాడు. పైన కుర్రకారు గెంతినప్పుడల్లా తన చేతిలోని డ్రిల్లు పక్క పన్ను మీదికి పోతోందని ఆయన బాధ. బావగారు తొణక్కుండా, పక్క పన్నుకూ డబ్బులు తీసుకోండి డాక్టరు గారూ అనేవాడు.

గెంతేది స్టెప్పుల మిషన్ మీద. చూడనివాళ్ల కోసం చెప్పాలి. పాట మొదలవగానే తెర మీద కింద నుంచి బాణాలు పైకి పాకుతాయి. పైన ఒక గీత ఉంటుంది. బాణం సరిగ్గా ఆ గీతను తాకే క్షణంలో, పాటలో దరువు పడుతుంది. ఆ క్షణంలోనే కాళ్ల కింద ఉన్న ఇనప పలకల్లో అదే దిక్కు పలకను తొక్కాలి. ముందు తొక్కితే తప్పు, తర్వాత తొక్కితే తప్పు. ఆట మొత్తం ఇంతే. దీని కోసం మెట్ల దాకా వరస కట్టి నిలబడేవాళ్లు.

కౌంటరక్క గాజు గదిలో కూర్చుని టోకెన్లు ఇచ్చేది. ఎవరు నోటిచ్చినా వెలుగుకు ఎత్తి పట్టి చూసేది. భర్త లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి. అతను ఫోన్ చేసి బాగానే ఉన్నానంటే, జ్వరం వచ్చి దాస్తున్నాడని ఈమెకు అనుమానం. గొంతు బొంగురుగా ఉంటే మరింత అనుమానం, హుషారుగా ఉంటే ఇంకా అనుమానం. కూతురు చెప్పకుండానే గిన్నెలు కడిగిందంటే, ఏ గ్లాసు పగిలిందో చూడ్డానికి ముందు చెత్తబుట్ట మూత తీసేది. ఆటకు వచ్చే పిల్లలు ఆమెను చాటున డిటెక్టివ్ ఆంటీ అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినట్టు కనిపించేది కాదు. లోలోపల ఆ పేరు ఆమెకు నచ్చింది కూడాను.

అలాంటి మనిషి కళ్లముందుకు కబుర్ల తాత వచ్చిపడ్డాడు.

అప్పటికి ఆ పేరు లేదు. మునుపటి మెకానిక్కు మానేస్తే బావగారు ఎక్కడినుంచో ఈయనను పట్టుకొచ్చాడు. సన్నటి మనిషి. పొట్టి చేతుల చొక్కా, రెండు జేబులూ ఉబ్బి ఉండేవి. ఒక జేబులో చుట్టలు చుట్టిన టేపు, రెండో జేబులో అరిగిపోయిన పళ్ల బ్రష్షు, పాత పేకముక్కలు. గదిలోకి అడుగు పెట్టగానే జీతమెంతని అడగలేదు, భోజనం వేళ అడగలేదు. "వీటిలో బాగా ఏడుస్తున్నదేది?" అని అడిగాడు. కౌంటరక్క అప్పుడే మనసులో ఒక గుర్తు పెట్టుకుంది. జీతం అడగని మనిషంటే ఆమెకు భయం.

పని మాత్రం వచ్చు. స్క్రూడ్రైవర్ మొన మిషన్ పక్కన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, డాక్టరు గుండె చూసినట్టు చూసేవాడు. పలక సరిగ్గా పలకకపోతే దాని కింద పేకముక్క కత్తిరించి దూర్చేవాడు. ఆటీను రాజు తల, జాకీ కాలు అలా ఆ మిషన్ కింద ఎన్నో నలిగాయి. బ్రష్షుతో మూలల్లో దుమ్ము దులిపేవాడు. ఇవన్నీ చూసి బావగారు మురిసిపోయాడు. కౌంటరక్క మురవలేదు. ఇంతకుముందు ఏం చేసేవారు బాబాయ్ గారూ అని ఒకరోజు మామూలుగా అడిగింది. ఓడ ఇంజను గదిలో అన్నాడు. కొన్నాళ్లు పోయాక మళ్లీ అదే ప్రశ్న వేరే దారిలో అడిగింది. సినిమా హాల్లో బొమ్మ వేసే గదిలో అన్నాడు. ఇంకోసారి అచ్చాఫీసు అన్నాడు. ముఖంలో ఎక్కడా తడబాటు లేదు. ఓడలో నిద్ర ఎలా పడుతుందని గుచ్చి అడిగితే, ఎంత చక్కగా చెప్పాడంటే, ఆ చక్కదనమే ఆమెకు అబద్ధంలా తోచింది.

ఇక కబుర్ల సంగతి. మిషన్ విప్పి పెట్టినప్పుడు వరసలో ఉన్న పిల్లలు ఊరుకోరు. ఎంతసేపు తాతా అని గొణుగుతారు, కాలితో తడతారు. ఆయన తల ఎత్తకుండా, లోపలి తీగల్లో చెయ్యి పెట్టి, నెమ్మదిగా మొదలుపెట్టేవాడు. ఇప్పుడు వచ్చిన పాట ఎక్కడ రికార్డు చేశారో తెలుసా? స్టూడియోలో చోటు లేక లిఫ్టులో చేశారు. ఎవరో పై అంతస్తులో బొత్తాం నొక్కారు. లిఫ్టు పైకి పోయినకొద్దీ వాయించేవాడి గుండె దడదడలాడింది, చెయ్యి వేగం పెరిగింది. అందుకే ఆ పాట సగం నుంచి పరుగెడుతుంది. ఇంకో పాటలో చప్పట్లు ఉంటాయి. అవి చప్పట్లు కావు. పాట కట్టినవాడు బావమరిది బట్టతల మీద చరిచాడు. అంత గట్టి మోత మరెక్కడా దొరకలేదట. మరో పాట మధ్యలో ఒక్క దరువు ఖాళీగా ఉంటుంది. అక్కడ వాయించేవాడికి తుమ్ము వచ్చింది. తుమ్మును కోసేశారు, దాని చోటు మిగిలిపోయింది.

పిల్లలు తన్నడం మానేసి వినేవాళ్లు. అక్కడొక ఆచారం పుట్టింది. ఆయన చెప్పడం పూర్తవగానే ఎవరో ఒకరు "నిజమా, కోతా?" అని అరిచేవారు. వరసలో ఉన్నవాళ్లందరూ చేతులెత్తి ఏదో ఒకటి చెప్పాలి. ఏది సరైనదో తాత ఎన్నడూ చెప్పలేదు. మిషన్ తలుపు మూసి, ఆడుకోండి అని లేచేవాడు. ఆ పాటల అసలు పేర్లు ఏ భాషవో ఎవరికీ నోరు తిరిగేది కాదు. కొన్నాళ్లకు అందరూ లిఫ్టు పాట, బట్టతల పాట, తుమ్ము పాట అనే పిలవసాగారు. కొత్తగా వచ్చినవాళ్లు అవే అసలు పేర్లనుకునేవాళ్లు.

గాజు గదిలోంచి కౌంటరక్క ప్రతిసారీ కోత అనేది. ఆమె కూతురు ప్రతిసారీ నిజం అనేది.

ఆ కూతురిని అందరూ చిన్నది అనేవాళ్లు. చదువు ముగిసింది. పొద్దుట పూట కర్టెన్ల కొట్టులో అంచులు కుట్టేది, మధ్యాహ్నం తల్లికి అన్నం తెచ్చే నెపంతో ఆటల గదికి వచ్చేది. అన్నం డబ్బా కౌంటరు మీద పెట్టి పలకలెక్కితే వరసలో ఉన్నవాళ్లు తమ వంతు సంగతి మర్చిపోయి చూసేవాళ్లు. మాట్లాడేటప్పుడు నేలచూపులు చూసే పిల్ల, పాట మొదలైతే వేరే మనిషి. తాత ఆమెను చూసి ఒక్కసారైనా బాగుందనలేదు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని వినేవాడు. మిషన్‌ను వింటున్నాడో, ఆ పిల్ల అడుగులను వింటున్నాడో తెలిసేది కాదు.

వానలు మొదలైన వారంలో స్టెప్పుల మిషన్ తెర నల్లబడింది. అది వీపు లావుగా ఉండే పాతకాలపు తెర. కాలిపోయింది, దీనికి సామాను దొరకదు అన్నాడు తాత. బావగారు మిషన్‌ను తూకానికి అమ్మేద్దామన్నాడు. మర్నాడే తాత ఒక పల్చటి తెర భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. మూసేసిన మంగలి షాపులో గోడకు ఉండేదట. దాన్ని మిషన్‌లో బిగించాడు. రంగులు ఎంత మెరిశాయంటే పిల్లలు ఈలలు వేశారు. బావగారు గుమ్మంలోంచి చూసి, వెలుగుతోంది అని వెళ్లిపోయాడు.

అప్పటినుంచీ తాత కబుర్లకు ఒక తోక మొలిచింది. వాయించినవాడు బేకరీలో పనిచేసేవాడు, తెల్లారకముందే లేచే అలవాటు, వాడి దరువూ ముందే లేస్తుంది, అందుకని అడుగు ఒక పిసరు ముందు పడాలి. బావమరిది తల తప్పించుకుంటున్నాడని చెయ్యి తొందరపడింది, అందుకని అడుగు ఒక పిసరు ముందు. ఆఖరి బస్సు పోతుందని సగం పాట పరుగున వాయించారు, కనుక ముందు. ఏ పాటైనా సరే, కథ ఏ దారిన పోయినా సరే, చివరికి అదే మాట. నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు, ముందు తొక్కినవాళ్లకు మార్కులు వచ్చాయి. ఆ తోకను ఎవరూ పట్టించుకోలేదు. కౌంటరక్క కూడా అప్పట్లో పట్టించుకోలేదు. ఆ నేరానికి ఆమె తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు.

ఎందుకంటే అప్పుడే పోటీ ప్రకటన వచ్చింది. మిషన్లు తయారుచేసే కంపెనీ పెద్ద పట్నంలో పోటీ పెడుతోంది. నెగ్గినవాళ్లను తమ బృందంలో చేర్చుకుని, ఊరూరా తిప్పి, కొత్త మిషన్ల మీద ఆడి చూపించే ఉద్యోగం ఇస్తుందట. చిన్నది ఆ కాగితం చూసిన రోజు కర్టెన్ అంచు తలకిందులుగా కుట్టుకొచ్చింది. కౌంటరక్క మాత్రం పెదవి విరిచింది. గెంతితే జీతమిస్తారట, ఎవరి చెవిలో పువ్వులు పెడతారు అంది. అన్నదే గాని, ఎవరూ లేనప్పుడు ఆ నంబరుకు ఫోన్ చేసింది. ఉద్యోగం నిజమేనా అని అడిగింది. నిజమే అన్న అమ్మాయి పేరడిగి పెట్టేసింది. మళ్లీ చేసి, ఆ పేరుగల అమ్మాయి మీ దగ్గర పనిచేస్తోందా అని వాకబు చేసింది. అంతా నిజమని తేలాకే ఆమెకు భయం పుట్టింది. అబద్ధమైతే ఆశ ఉండదు. నిజమైనదాన్ని పోగొట్టుకోవచ్చు. కర్టెన్ల కొట్టులో ముసలిదైపోయిన కుట్టుపనావిడ ఒకామె ఉంది. వంగిన మెడ ఇక లేవదు. కూతురు అన్నం డబ్బా పట్టుకుని మెట్లెక్కి వస్తుంటే కౌంటరక్కకు ఆ మెడే కనిపించేది.

పోటీ దగ్గర పడుతోంది. ఒక పొద్దున ఆటల గది ఇంకా తెరవలేదు. కౌంటరక్క గుడ్డ పట్టుకుని తెరలు తుడుస్తోంది. మిషన్లు ఎవరూ ఆడకపోయినా వాటంతట అవి పాటలు వేసుకుంటాయి. ఆ మాత్రం సందడి లేకపోతే ఆమెకు గది నచ్చదు. బట్టతల పాట వస్తోంది. చప్పట్లకు తగ్గట్టు ఆమె చెయ్యి కూడా తుడుస్తోంది, టప్పు, టప్పు. గుడ్డ గీత మీదికి వెళ్లిన ప్రతిసారీ బాణం ఇంకా గీత కిందే ఉంది. మోత అయిపోయాక తీరిగ్గా వచ్చి తాకుతోంది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. మళ్లీ చూసింది. మోత ముందు, బాణం వెనక. పక్కనే డ్రమ్ముల మిషన్ ఉంది. దానికి ఇంకా పాత లావు తెరే. అక్కడికి వెళ్లి చూసింది. గుర్తు గీతను తాకడం, దరువు పడడం రెండూ ఒక్కటే. తిరిగి వచ్చి స్టెప్పుల మిషన్ చూసింది. మోత ముందు, బాణం వెనక.

బేకరీవాడూ, బావమరిదీ, ఆఖరి బస్సూ వరసగా ఆమె కళ్లముందు కదిలారు. వాళ్లందరూ ఈ పల్చటి తెర వచ్చాకే పుట్టారు. దాని మందకొడితనాన్ని కప్పిపుచ్చడానికే పుట్టారు. ముందు తొక్కండర్రా, ముందు తొక్కండర్రా అని గదిలో అందరి కాళ్లనూ తప్పుదారి పట్టించారు. మరి పట్నంలో ఉండేది కొత్త మిషన్. అక్కడ బాణం సరిగ్గా వస్తుంది. చిన్నది మాత్రం ముందే తొక్కుతుంది. ప్రతి అడుగూ తప్పే.

కౌంటరక్క ఏడ్చే రకం కాదు, ఆరా తీసే రకం. ముందు బావగారిని పట్టుకుంది. ఆయనకు అర్థమే కాలేదు. తెర వెలుగుతోందిగా అన్నాడు. తర్వాత పాత తెర ఏమైందని వెతికింది. తూకానికి వేసేశానని తాత అప్పట్లో చెప్పాడు. వీధి చివర పాత సామాను కొనేవాడిని అడిగితే, అంత బరువు తెర ఈ మధ్య తన తక్కెడ మీదికి రాలేదన్నాడు. ఒట్టు వేయమంటే వేశాడు. వెంటనే ఒట్టు వేసినందుకు వాడిని కూడా కాస్త అనుమానించింది గాని, అప్పటికి వదిలేసింది.

ఆ మధ్యాహ్నం తాత డ్రమ్ముల మిషన్ దగ్గర కింద కూర్చుని బ్రష్షుతో ఏదో గీకుతున్నాడు. కౌంటరక్క గాజు గదిలోంచి బయటికి వచ్చి నిలబడింది. ఆమె ఆ గది వదిలి రావడం అరుదు.

"బాబాయ్ గారూ, మీరు తెచ్చిన తెర మీద బాణం ఆలస్యంగా వస్తోంది."

"ఓహో" అన్నాడు. బ్రష్షు ఆగలేదు.

"ఓహో ఏమిటి? మీకు తెలుసు. తెలిసే ఆ కథలన్నీ అల్లారు. రేపు మంచి మిషన్ ఎక్కితే నా కూతురు గతేమిటి?"

తాత బ్రష్షును చొక్కాకు తుడుచుకున్నాడు. "చిన్నది బాణాన్ని చూసి దానికన్నా ముందు తొక్కుతోందా, దరువు విని తొక్కుతోందా?"

"నాకేం తెలుసు?"

"అదే తల్లీ. బాణాన్ని చూసి తొక్కితే అక్కడ మునుగుతుంది. విని తొక్కితే ఏ మిషనైనా ఒకటే."

"మీకూ తెలియదా?"

"మిషనైతే వెనక తలుపు తీసి చూస్తాను. పిల్లకు వెనక తలుపు లేదుగా."

ఆమెకు ఒళ్లు మండింది. ఇంత నింపాదిగా మాట్లాడే మనిషి దగ్గర ఏదో ఒకటి దాగి ఉండక తప్పదు. "పాత తెర నిజంగా కాలిందా? తక్కెడవాడు తీసుకోలేదంటున్నాడు."

తాత మళ్లీ బ్రష్షు అందుకున్నాడు. "తుమ్ము పాట గురించి ఇంకో సంగతి ఉంది, చెప్పనా?" అన్నాడు.

కౌంటరక్క విననని విసురుగా వెళ్లిపోయింది. సాయంత్రం బావగారు రాగానే అన్నీ చెప్పేసింది. తెర దాచేసినట్టున్నాడు, దాన్ని ఎక్కడో అమ్ముకునే ఎత్తు, ఈ పల్చటి తెర కూడా ఏ గోడనుంచి పీకిందో అంది. ఈసారి బావగారికి అర్థమైంది, ఎందుకంటే ఇందులో అమ్ముకోవడం అనే మాట ఉంది. పోటీ అయిపోనీ, తిరిగి రాగానే ఆయన్ని కూర్చోబెట్టి తేలుద్దాం అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు డ్రమ్ముల మిషన్ వెనక బ్రష్షు చప్పుడు ఆగిపోయింది.

పోటీకి తల్లీకూతుళ్లిద్దరే బయల్దేరారు. తాతను చిన్నది రమ్మంది గాని, నడుం పట్టేసిందన్నాడు. బస్సులో కౌంటరక్క రెండు మూడుసార్లు నోరు తెరిచింది. నీకు నేర్పింది తప్పు అని చెబితే పిల్ల కాళ్లు అక్కడే చచ్చుబడతాయి. చెప్పకపోతే పలకల మీద చచ్చుబడతాయి. చిన్నది కిటికీ వైపు తిరిగి మోకాలి మీద వేళ్లతో తాళం వేసుకుంటోంది. ఆ వేళ్లు ముందు పడుతున్నాయో సరిగ్గా పడుతున్నాయో తెలుసుకుందామని తల్లి కళ్లు చిట్లించి చూసింది. బస్సు గతుకుల్లో ఏం తెలుస్తుంది?

పోటీ ఒక పెద్ద హాల్లో. ఎత్తు మీద కొత్త మిషన్, చుట్టూ దీపాలు. ఒక్కొక్కరూ రెండు పాటలాడాలి. చిన్నది మొదటి పాటకు ఎక్కింది. కళ్లు తెరకు అతుక్కుపోయాయి. మొదటి బాణం గీతను చేరకముందే కాలు పడింది. తప్పు. రెండోదీ తప్పు. తల్లి భయపడ్డది అక్షరాలా జరుగుతోంది. నడుమ కొన్ని అడుగులు సరిగ్గా పడ్డాయి, మళ్లీ తడబడ్డాయి. పాట అయ్యేసరికి పిల్ల ముఖం పాలిపోయింది. దిగి తల్లి దగ్గరికి వచ్చింది.

"బాణాలు ఎక్కడో ఉన్నాయమ్మా. నాకేమైందో తెలియట్లేదు."

ఇప్పుడు చెప్పక తప్పదు. తెర సంగతి చెప్పాలంటే ఎంతో చెప్పాలి. అవతల పేరు పిలుస్తున్నారు. కౌంటరక్క బుర్రలో అన్ని అనుమానాలూ ఒక్కసారిగా తోసుకొచ్చాయి. ఓడ, సినిమా హాలు, అచ్చాఫీసు, తక్కెడవాడి ఒట్టు. ఆ మనిషి చెప్పిన ఒక్క మాటైనా నమ్మదగినదా? ఆయన అన్నవాటిలో ఒక్కటే ఆమె చేతికి తగిలింది. విని తొక్కితే ఏ మిషనైనా ఒకటే.

కూతురి చెవి దగ్గర వంగింది. ఆమె నోట ఏం వచ్చిందంటే:

"ఇప్పుడు వచ్చే పాట వాయించినవాడు గుడ్డివాడు, తెలుసా? వాడికి బాణాలు చూపిస్తే నవ్వాడట. ఇవి నాకెందుకు, నా పని నేను చేస్తాను, మీ బాణాలే నా వెంట పడి వస్తాయిలెమ్మన్నాడట."

చిన్నది తల్లిని కళ్లార్పకుండా చూసింది. పుట్టి బుద్ధెరిగాక తల్లి నోట ఊసుపోక కబురు వినడం అదే మొదలు.

"కోత" అంది చిన్నది.

"కోతే. వెళ్లు."

పిల్లకు నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే ఎక్కింది. పాట మొదలైంది. ఈసారి కళ్లు తెర మీద లేవు. ఎక్కడో హాలు చివర, ఎవరి తలల మీదుగానో చూస్తోంది. అడుగులు దరువులో కలిసిపోయాయి. బాణాలు వాటంతట అవి వచ్చి గీతను తాకుతున్నాయి, తాకిన చోటల్లా ఆమె కాలు అప్పటికే ఉంది, ముందూ కాదు, వెనకా కాదు. కౌంటరక్క ఒక్క అడుగు కూడా చూడలేకపోయింది. కళ్లు మూసుకుని, టప్పు టప్పుమని వింది. విన్నంత వరకు తప్పు లేదు.

మొదటి స్థానం రాలేదు. మొదటి పాట దెబ్బ కొట్టింది. కానీ బృందంలోకి తీసుకునే వాళ్లలో చిన్నది పేరు చదివారు. తల్లి ఆ చదివినామె దగ్గరికి వెళ్లి, ఫోన్‌లో మాట్లాడిన ఫలానా అమ్మాయి మీరేనా అని అడిగి, అవునన్నాక గాని కూతుర్ని ముద్దు పెట్టుకోలేదు.

తిరుగు బస్సులో తెర సంగతంతా చెప్పేసింది. చిన్నది కోపపడుతుందనుకుంది. ఆ పిల్ల ఆలోచించి, తాత ఎప్పుడూ ముందు తొక్కమని మాత్రమే అనలేదమ్మా, నాతో విడిగా ఉన్నప్పుడు, తెరకేసి చూస్తే మెడ నొప్పెడుతుంది, చూడకు అనేవాడు అంది. కౌంటరక్కకు కొత్త అనుమానం మొదలైంది. మందకొడి తెర దొరికినందుకు కథలల్లాడా? లేక పిల్లకు వినడం నేర్పించడానికే మందకొడి తెర వెతికి తెచ్చాడా? పని చెడి కప్పిపుచ్చుకున్నాడా, కావాలనే చెడగొట్టాడా? కావాలనే అయితే, మిగతా పిల్లల మాటేమిటి? వాళ్లు బాణాన్ని చూసే ముందు తొక్కారు కదా. ఇల్లు చేరేదాకా ఆ ముడి విప్పడానికి చూసింది. విప్పినకొద్దీ మరోచోట బిగుసుకుంది.

మర్నాడు పొద్దున బావగారు, కౌంటరక్క కలిసే మెట్లెక్కారు. బావగారు గొంతు సవరించుకుంటున్నాడు. దారిలోనే మాటలు కూర్చుకున్నాడు పాపం. తలుపు అప్పటికే తెరిచి ఉంది. తాత స్టెప్పుల మిషన్ వెనక తలుపుకు ఆఖరి స్క్రూ బిగిస్తున్నాడు. పల్చటి తెర గోడకు ఆనించి ఉంది, దుప్పటి కప్పి. మిషన్‌లో పాత లావు తెర వెలుగుతోంది.

తుమ్ము పాట వస్తోంది. బాణం గీతను తాకడం, దరువు పడడం ఒక్కటే. ఖాళీ దరువు దగ్గర తెర కూడా ఖాళీగానే ఉంది.

బావగారు గుమ్మంలోంచి చూశాడు. వెలుగుతోంది అన్నాడు. కూర్చుకున్న మాటలన్నీ అక్కడే రాలిపోయాయి. కింద చెప్పుల కొట్టువాడు పిలిస్తే దిగి వెళ్లిపోయాడు.

కౌంటరక్క మిషన్ దగ్గరికి వెళ్లి తెర మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. కొత్తగా అతుకు పెట్టిన గుర్తు కోసం పక్కలన్నీ తడిమింది. ఉంటే బాగుచేశాడని అర్థం, లేకపోతే ఎన్నడూ పాడవలేదని అర్థం. వెనక తలుపు బిగించేసి ఉంది. విప్పడం ఆమెకు చేతకాదు.

"చిన్నదాన్ని తీసుకున్నారు" అంది.

తాత తల ఊపాడు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. ఎలా ఆడిందని అడగలేదు. ఏ పాట వచ్చిందని అడగలేదు. అడిగితే ఆమె తన గుడ్డివాడి కథ చెప్పేదే. చెప్పాలని నాలుక చివర దాకా వచ్చింది.

"టీ తెస్తాను, ఉండండి బాబాయ్ గారూ. మీతో మాట్లాడాలి" అంది. ఉండండి అన్న మాట గట్టిగానే అంది.

మెట్లు దిగి, పక్క దుకాణంలో రెండు గ్లాసుల టీ పోయించుకుని, వేడికి చేతులు మార్చుకుంటూ ఎక్కి వచ్చింది. ఎలా మొదలుపెట్టాలో అన్నీ సిద్ధం చేసుకుంది. ముందు తెర, తర్వాత తక్కెడవాడు, ఆ తర్వాత ఓడ. ఈసారి వదలకూడదనుకుంది.

గదిలో ఎవరూ లేరు. సామాను పెట్టె లేదు. పల్చటి తెర మీది దుప్పటి మడత పెట్టి ఉంది. మెట్ల మీద ఆయన ఎదురుపడలేదు. పళ్ల డాక్టరు గదిలోంచి వెనక వైపు మరో దారి ఉందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ దారి సంగతి ఆయనకు ఎప్పటినుంచి తెలుసో!

గ్లాసులు కౌంటరు మీద పెట్టి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. కింద రోడ్డు దాటే చోట జనం ఎర్ర దీపం చూస్తూ ఆగి ఉన్నారు. వాళ్లలో పొట్టి చేతుల చొక్కా, చేతిలో పెట్టె. దీపం ఇంకా మారలేదు. ఆయన దీపం వైపు చూడను కూడా లేదు. బళ్ల హోరు తగ్గిందని విన్నాడు కాబోలు, ఒక పిసరు ముందే అడుగు వేశాడు. తక్కినవాళ్లు కదిలేసరికి అవతలి గట్టు ఎక్కేశాడు.

కౌంటరక్క కిటికీ అద్దం మీద కొట్టడానికి చెయ్యి ఎత్తింది. ఆయన వెనక్కి తిరగలేదు.